సైకిల్ ఎక్కే ముందు ఆ రెండు రోజులూ బొల్జానోలో ఉండండి

ప్రశ్న: నా వయసు 53. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. రోజూ పొద్దున పది కిలోమీటర్లు సైకిల్ తొక్కుతాను. సెప్టెంబరులో, జర్మనీలో ఉంటున్న మా అమ్మాయితో కలిసి ఇటలీలో బొల్జానో నుంచి వెరోనా దాకా ఐదు రోజులు సైకిళ్ల మీద వెళ్తున్నాం. ముందు రెండు రోజులు బొల్జానోలో ఉందామని తను, దిగిన మర్నాడే బయల్దేరదామని నేను. ఏది మంచిది?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ అమ్మాయి మాటే వినండి. ఆ రెండు రోజులు దండగ కావు. షుగర్‌కు మందులు వాడే మీకు అవి చాలా అవసరం.

ఇంటి నుంచి బొల్జానో చేరేసరికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. నిద్ర చాలదు, నీళ్లు సరిగా తాగరు, గంటల తరబడి కూర్చుని కాళ్లు వాస్తాయి. విమానంలో మధ్యమధ్య లేచి నడవండి. గ్లిమెపిరైడ్ మాత్రం భోజనం ఎదుటికి వచ్చాకే వేసుకోండి. మందులు, మీటర్, ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలోనే ఉండాలి.

నాకు టెన్షన్ అంతా ఆ గ్లిమెపిరైడ్ గురించే. మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. పైగా సైకిల్ తొక్కుతుంటే కండరాలు షుగర్‌ను లాగేసుకుంటాయి. పది కిలోమీటర్లకు మీ ఒంటికి అలవాటుంది. బొల్జానో నుంచి, దారిలో వచ్చే ట్రెంటో ఊరికే 60 కిలోమీటర్లు పైన. ఆ శ్రమ ప్రభావం సైకిల్ దిగాక కూడా ఉంటుంది, అర్ధరాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. ఇటలీలో చాలా హోటళ్లు మధ్యాహ్నం రెండున్నర దాటితే వంట ఆపేస్తాయి, మళ్లీ రాత్రి ఏడు తర్వాతే. భోజనం తప్పిందంటే అసలు ప్రమాదం అక్కడే. తొక్కే రోజుల్లో డోసు తగ్గించాలా అని వెళ్లే ముందే మీ డాక్టర్‌ని అడగండి, సొంతంగా మార్చకండి.

మొదటి రోజు నడక, తిండి, నిద్ర చాలు. ఊళ్లోని పురావస్తు మ్యూజియంలో ఏట్జిని తప్పకుండా చూడండి. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి. కొండలెక్కి తిరిగినవాడు, చనిపోయేనాటికి 45 ఏళ్లు ఉండొచ్చు. స్కాన్ చేస్తే రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని ఉంది. అందుకే, రోజూ తొక్కుతున్నాను కాబట్టి గుండెకేమీ కాదనుకోకండి. ఇక్కడి నుంచి బయల్దేరే ముందే ఈసీజీ తీయించుకోండి, డాక్టర్ చెబితే ట్రెడ్‌మిల్ టెస్ట్ కూడా. షుగర్ ఉన్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండా, ఉత్త ఆయాసంతో, చెమటతో రావచ్చు. అక్కడ అలా అనిపిస్తే వెంటనే 112కి ఫోన్ చేయాలి.

రెండో రోజు సైకిల్ అద్దెకు తీసుకుని తల్వెరా నది ఒడ్డున ఓ ఇరవై కిలోమీటర్లు తొక్కండి. ముందు, తర్వాత, పడుకునేటప్పుడు షుగర్ చూసి రాసుకోండి. ఎంత తొక్కితే ఎంత పడుతోందో అప్పుడు తెలుస్తుంది. తొక్కే ముందు 100 లోపుంటే ఏదైనా తిన్నాకే ఎక్కండి. చేతులు వణికినా, చెమట పట్టినా ఆగి, మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. గ్లూకోజ్ ప్యాకెట్ మీ జేబులోనూ ఉండాలి, అమ్మాయి జేబులోనూ ఉండాలి.

సీటు ఎత్తు కూడా అప్పుడే సరిచేయించుకోండి. మడమ పెడల్ మీద పెడితే, అది కిందికి వెళ్లినప్పుడు కాలు నిటారుగా రావాలి. బూట్లు పాతవే వేసుకోండి, రాత్రిపూట పాదాలు పరీక్షగా చూసుకోండి.

మీ దారి సాగే లోయలో మధ్యాహ్నం దాటితే దక్షిణం నుంచి గాలి వీస్తుంది, మీకది ఎదురుగాలి. పొద్దున్నే బయల్దేరండి. బొల్జానోలో ఆ ఇరవై కిలోమీటర్లకే షుగర్ బాగా పడిపోయిందనుకోండి, మర్నాడు ట్రెంటో దాకా తొక్కవద్దు. రైలు మార్గం మీ దారి వెంటే ఉంటుంది. లోకల్ రైళ్లలో సైకిల్ కూడా ఎక్కించుకోవచ్చు.