జ్యూరీ కావాలని కాగితం మీద అడుగు, సుధా

ఎడిసన్, న్యూజెర్సీ

చి. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు చెప్పినవన్నీ రాత్రి మళ్లీ నెమరు వేసుకున్నాను. వారానికి 55 గంటలు పని చేయించుకుని 40 గంటలకే జీతం లెక్కగట్టడం అన్యాయం. గంటల లెక్కన జీతం తీసుకునే నీలాంటి వారికి 40 దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని ఇక్కడి ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, చెబుతోంది. దావా వేయాలన్న నీ నిర్ణయం సరైనదే. కానీ ఫోను పెట్టేసేముందు "జ్యూరీ సంగతి కోర్టువాళ్లే చూసుకుంటారులే పెదనాన్నా" అన్నావు. ఆ మాటకే నాకు నిద్ర పట్టలేదు.

కోర్టువాళ్లు చూసుకోరమ్మా. జ్యూరీ అంటే జడ్జికి బదులు కేసు విని నిజానిజాలు తేల్చే మామూలు పౌరుల బృందం. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, సివిల్ కేసులో జ్యూరీ సరిగ్గా అలాంటిదే.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, చాలా ఏళ్ల క్రితం మా ఇంటి పైకప్పు పని పాడుచేసిన గుత్తేదారు మీద ఇక్కడి రాష్ట్ర కోర్టులో దావా వేశాను. న్యాయవాది ఖర్చెందుకని నేనే వాదించుకున్నాను. రసీదులున్నాయి, నీరు కారిన గోడల ఫొటోలున్నాయి. అమెరికా అన్నాక జ్యూరీ దానంతటదే వస్తుందనుకున్నాను. న్యూజెర్సీలో జవాబుదావా అందిన 10 రోజుల లోపే రాతపూర్వకంగా కోరాలట. ఆ సంగతి తెలిసేటప్పటికి గడువు దాటి మూడు వారాలైంది. జడ్జి గారొక్కరే విన్నారు. ఓపికగానే విన్నారు, కానీ పని బాగానే చేశానన్న గుత్తేదారు మాటే నమ్మారు. ఆరుగురు విన్నా అదే తీర్పు వచ్చేదేమో. అయినా ఇల్లు కట్టుకుని, వానాకాలం బకెట్లు పెట్టుకుని బతికిన మనుషులు నా మాట విని తేల్చే అవకాశం నా చేతులారా పోగొట్టుకున్నానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

నీ కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్తుంది. అక్కడ గడువు కొంచెం ఎక్కువ: ఆ విషయం మీద చివరి జవాబు అందాక 14 రోజులు. ఆ లోపు జ్యూరీ కోరే కాగితాన్ని అవతలి పక్షానికి అందజేసి, కోర్టులో దాఖలు చేయాలి. లేకపోతే హక్కు వదులుకున్నట్టే. తరువాత జడ్జిని బతిమాలుకోవచ్చు, ఒప్పుకోవాలని లేదు. అందుకని అంతదాకా ఆగకు. దావా పత్రంలోనే, మొదటి పేజీలో కనబడేలా, జ్యూరీ విచారణ కోరుతున్నానని రాయించు. దావాతో పాటు ఇచ్చే కవరు పత్రంలో జ్యూరీ గడి ఒకటుంటుంది. దానిలో టిక్ పెట్టినంత మాత్రాన సరిపోదని చాలా కోర్టులు తేల్చాయి. పంపేముందు ఆ వాక్యం ఉందో లేదో నీ కళ్లతో నువ్వే చూసుకో. ఒకసారి కోరాక రెండు పక్షాలూ ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి, అవతలివాళ్లూ దాన్ని తేలికగా తీసుకోరు.

"నేను పౌరురాలిని కాను, గ్రీన్ కార్డే కదా" అన్నావు. జ్యూరీలో కూర్చోవడానికి పౌరసత్వం కావాలి. జ్యూరీని కోరడానికి అక్కర్లేదు. 1791లో రాజ్యాంగానికి చేర్చిన ఏడో సవరణలో వివాదం విలువ 20 డాలర్లు దాటితే చాలునని ఉంది. ఆ అంకెను ఇప్పటికీ మార్చలేదు. బ్రిటిష్ రాజు తమకు జ్యూరీ విచారణను దూరం చేస్తున్నాడన్నది 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోనే ఒక ఆరోపణ. మన దేశంలో సివిల్ దావాలను జడ్జీలే తేలుస్తారు కాబట్టి మనకు ఈ హక్కు విలువ ఒక పట్టాన తట్టదు. అయితే ఇది డబ్బు నష్టపరిహారం అడిగే దావాలకు వర్తించే హక్కు. ఫలానా పని ఆపించండి, చేయించండి అని అడిగితే జడ్జే తేలుస్తారు. నువ్వు అడిగేది రావలసిన జీతం కనుక ఆ చిక్కు లేదు.

ఇంతకన్నా పెద్ద గండం ఒకటుంది. ఉద్యోగంలో చేరిన రోజు నీతో ఏయే కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు? వివాదం వస్తే కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటామని ఒక పేరా ఉంటే జడ్జీ ఉండరు, జ్యూరీ ఉండదు. 1925 నాటి చట్టం అండతో కోర్టులు అలాంటి షరతులను మామూలుగా అమలు చేస్తాయి. అయినా కనబడగానే చేతులెత్తేయకు. కోర్టుకు వెళ్లే హక్కు వదులుకుంటున్నట్టు స్పష్టంగా చెప్పని షరతు చెల్లదని 2014లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒక వినియోగదారు కేసులో చెప్పింది. నీ కాగితంలోని మాటలకు అది పనికొస్తుందో లేదో న్యాయవాది చూడాలి. చూడాలంటే ముందు ఆ కాగితం ఆయన చేతిలో ఉండాలి.

మన ఇంగ్లిషు యాస విని చిన్నచూపు చూస్తారన్న నీ భయం నాకూ ఉండేది. పౌరసత్వం వచ్చాక నన్నొకసారి జ్యూరీకి పిలిచారు. ఆరుగురం కూర్చున్నాం. న్యూజెర్సీ సివిల్ కేసుల్లో అయిదుగురు ఒక మాట మీదకు వస్తే చాలు. ఒక సాక్షి స్పానిష్‌లో మాట్లాడితే దుబాసీ ఇంగ్లిషులో చెబుతున్నాడు. తలుపులు మూసుకుని చర్చించేటప్పుడు ఆ సాక్షి భాష గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఆయన చెప్పిన తేదీలు రసీదులతో సరిపోతున్నాయా లేదా అన్నదాని మీదే మధ్యాహ్నమంతా గడిచింది. నా పక్కన కూర్చున్న బస్సు డ్రైవరు ఆ రసీదులను మూడుసార్లు తిరగేశాడు. ఫెడరల్ కోర్టులో కనీసం ఆరుగురుంటారు, మామూలుగా అందరూ ఒకే మాట మీదకు రావాలి. అంటే నీ లెక్కలు ప్రతి ఒక్కరికీ అర్థం కావాలి.

జ్యూరీ అంటే ఖర్చు ఎక్కువ, కాలమూ పడుతుంది. చాలా దావాలు అక్కడిదాకా రాకుండా రాజీలోనే ముగుస్తాయి. చిక్కుముళ్ల లెక్కల తగాదా అయితే జడ్జే మేలని నేనే చెప్పేవాణ్ణి. నీది ఎవరు నిజం చెబుతున్నారన్న తగాదా.

శనివారం మధ్యాహ్నం ఇంటికి రా. చేరిన రోజు కాగితాలు, జీతం చీటీలు, నువ్వు క్యాలెండరులో రాసుకున్న గంటల లెక్క, అన్నీ తీసుకురా. పెద్దమ్మ వంట చేస్తుంది. భోజనమయ్యాక నువ్వూ నేనూ కూర్చుని ఒక్కో వారం సరిచూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న