రెండు డ్రైవులు, రెండు సిస్టమ్‌లు: ఏది ఎక్కడ పెట్టాలి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

విండోస్ 11 ఉన్న 512 జీబీ ఎస్‌ఎస్‌డీకి తోడు 1 టీబీ హార్డ్‌డిస్క్ బిగించావు కదా, ఇక విండోస్ పక్కనే ఉబుంటు (లినక్స్ రకం సిస్టమ్) ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ పెట్టే ముందు ఏది ఎక్కడుండాలో కాగితం మీద రాసుకో. డేటా నిండాక పార్టిషన్ (డ్రైవులో విడదీసిన భాగం) సైజులు మార్చాలంటే అంతా ఖాళీ చేసి మళ్లీ నింపాల్సి రావచ్చు. విండోస్ లెక్కలో నీకున్నది 476, 931 జీబీలే. ఆ అంకెలతోనే పంచుకో.

రెండు సిస్టమ్‌లూ, వాటిని మొదలుపెట్టే బూట్ ఫైళ్లూ ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి. హార్డ్‌డిస్క్ పాడైనా రెండూ లేవాలి. ఎస్‌ఎస్‌డీలో ఉబుంటుకు 200 జీబీ, మిగతాది విండోస్‌కు. హార్డ్‌డిస్క్‌లో 800 జీబీ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్), అది రెండింటికీ ఉమ్మడి. మిగిలిన 130 జీబీ ఎక్స్‌ట్4 (లినక్స్ ఫార్మాట్)గా చేసి టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్లకు, అంటే ఉబుంటు సిస్టమ్‌ను వెనక్కి తెచ్చుకునే కాపీలకు, వదిలెయ్. ఉమ్మడికి ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ వద్దు. దానికి జర్నల్ (మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉండదు, రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఎక్కువ.

మొదటి పని విండోస్‌లోనే. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకో. కొత్త కంప్యూటర్లలో అది చెప్పకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బూట్ వరుస మారగానే ఆ కీ అడగొచ్చు, లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్. నూటికి తొంభై చిక్కులు ఇక్కడే పుడతాయని నా నమ్మకం. అది ఆన్‌లో ఉంటే విండోస్‌ను షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. డ్రైవుల్లో ఏముందో తన జ్ఞాపకంలోనే పెట్టుకుంటుంది. అందుకే ఉబుంటులో ఉమ్మడి డ్రైవు అసలు మౌంట్ కాదు (తెరుచుకోదు), లేదా చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. బలవంతంగా రాస్తే ఫైళ్లు పోతాయి. రీస్టార్ట్ చేసి వెళ్లినప్పుడు మాత్రం బాగానే ఉంటుంది, ఎందుకంటే రీస్టార్ట్‌లో విండోస్ నిజంగా ఆగుతుంది. దాంతో చాలామంది హార్డ్‌డిస్క్‌నో కేబుల్‌నో అనుమానిస్తారు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ (powercfg /h off) కమాండ్ ఇవ్వు. హైబర్నేషన్‌తో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. హైబర్నేషన్ ఫైలు కూడా పోతుంది కాబట్టి సీ డ్రైవును కుదించడం తేలికవుతుంది.

కుదించడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చెయ్, ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో వద్దు. ష్రింక్ పెట్టెలో అంకె ఎంబీల్లో అడుగుతుంది, 200 జీబీకి 204800 అని కొట్టు. వచ్చిన ఖాళీని అలాగే వదిలి ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్‌గా ఎంచుకో. బూట్ ఫైళ్లుండే విండోస్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను ఉబుంటు కూడా వాడుకుంటుంది, దాన్ని ఫార్మాట్ మాత్రం చేయకు. చేస్తే విండోస్ లేవదు.

ఉబుంటులో డిస్క్స్ యాప్ తెరిచి ఉమ్మడి పార్టిషన్‌కు మౌంట్ ఆప్షన్లు పెట్టు. గుర్తింపు యూయూఐడీతో (ఒక్కో పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో) ఉండాలి. ఉబుంటు డ్రైవులకిచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు ఒక్కో బూట్‌కు తారుమారు కావచ్చు. డ్రైవులోని ఫైళ్లు నీ పేరు మీద ఉండేలా ఆప్షన్లలో ‘యూఐడీ=1000’ (uid=1000) చేర్చు, ‘నోఫెయిల్’ (nofail) ఉందో లేదో చూసుకో. అది లేకుండా డ్రైవు దొరకకపోతే ఉబుంటు 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది.

ఉమ్మడి డ్రైవులో ఫొటోలు, సినిమాలు, పాటలు, పీడీఎఫ్‌లు, డౌన్‌లోడ్లు పెట్టుకో. విండోస్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని లొకేషన్ ట్యాబ్ నుంచి దాన్ని అక్కడికి మార్చొచ్చు. ఉబుంటు హోమ్‌ను (నీ సొంత ఫైళ్లు, సెట్టింగ్‌లుండే ఫోల్డర్‌ను) మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద పెట్టకు. లినక్స్ పర్మిషన్లు అక్కడ సరిగా నిలవవు. నీ కోడ్ ప్రాజెక్టులూ ఎస్‌ఎస్‌డీలోని హోమ్‌లోనే ఉండనీ, లేకుంటే ఒక్క అక్షరం మార్చకపోయినా గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే టూల్) అన్ని ఫైళ్లూ మారాయనొచ్చు. ఉబుంటు నుంచి ఫైలు పేరులో కోలన్, ప్రశ్నార్థకం పెట్టకు, విండోస్ ఆ ఫైలు తెరవలేదు.

ఉబుంటులో డిలీట్ చేసినవి అదే డ్రైవులో ట్రాష్ అనే దాచిన ఫోల్డర్‌లో కూర్చుంటాయి, విండోస్ రీసైకిల్ బిన్‌లో కనబడవు. డ్రైవు ఎందుకు నిండిందో అంతుపట్టకపోతే ముందు అక్కడ వెతుకు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో తప్పులొస్తే విండోస్‌లోని చెక్‌డిస్క్‌తోనే బాగుచెయ్. ఎక్స్‌ట్4 పార్టిషన్‌ను చూసి విండోస్ ఎప్పుడైనా ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే క్యాన్సిల్ కొట్టు. గడియారం అయిదున్నర గంటలు తేడా చూపిస్తే కంగారుపడకు, కంప్యూటర్ గడియారంలో విండోస్ లోకల్ టైమ్ రాస్తుంది, ఉబుంటు దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’కు ‘సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ (timedatectl set-local-rtc 1) ఇస్తే సర్దుకుంటుంది.

ఫొటోలు ఆ హార్డ్‌డిస్క్‌లో మాత్రమే ఉంటే అది బ్యాకప్ కాదు, బయటి డ్రైవులో ఇంకో కాపీ ఉంచు.

అంతా అయ్యాక కరెంటు ప్లగ్గు తీసేసి, హార్డ్‌డిస్క్ కేబుల్ ఊడదీసి, ప్లగ్గు మళ్లీ పెట్టి రెండు సిస్టమ్‌లనూ ఒక్కోసారి బూట్ చెయ్. రెండూ లేస్తే ప్లగ్గు మళ్లీ తీసి కేబుల్ బిగించు. ఏదైనా లేవకపోతే స్క్రీన్ ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ మామయ్య