ఒక వారం హీరో, మరో వారం జీరో: ఇలాంటి కార్నర్‌బ్యాక్‌ని ఉంచుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: అమెరికన్ ఫుట్‌బాల్‌లో మీ జట్టు కార్నర్‌బ్యాక్ (బంతి అందుకునే ఎదుటి రిసీవర్‌ని కాపలా కాసేవాడు) ఒక వారం ఆ రిసీవర్‌ని కదలనివ్వడు, మరుసటి వారం అదే మనిషి రెండు టచ్‌డౌన్లు సమర్పించుకుంటాడు. మార్చిలో కాంట్రాక్ట్ అయిపోతోంది. ఉంచుకోవాలా, పోనివ్వాలా?

మీది ఏ జట్టో రాయలేదు. ఇదే ప్రశ్నతో 2020 సీజన్ అంతా నేను బుర్ర పాడుచేసుకున్నాను. అప్పట్లో నా జవాబు "పంపేయండి". ఇప్పుడైతే అంత తొందరగా అనను.

మాది డాలస్ పక్కన ఇర్వింగ్. ఇక్కడికి వచ్చాక క్రికెట్‌తో పాటు ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ పిచ్చి కూడా పట్టుకుంది. 2017 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, రెండో రౌండ్‌లో తీసుకున్న చిడోబే అవూజియే అని ఒక కుర్రాడు ఉండేవాడు. అతని జబ్బు ఒకటే. రిసీవర్‌తో భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తేవాడు, ఉండాల్సిన చోటే ఉండేవాడు, బంతి వచ్చే క్షణానికి మాత్రం తల తిప్పేవాడు కాదు. తల మీదుగా పోయే బంతిని వెనక్కి పరుగెత్తుతూ పట్టే ఫీల్డర్ కష్టం మనకి తెలుసు. కార్నర్‌బ్యాక్‌కి దానికి తోడు, పక్కన పరుగెత్తేవాడు ఎక్కడ ఆగుతాడో ఎటు తిరుగుతాడో కూడా తెలియదు. ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను గానీ, ఆదివారం హాల్లో కూర్చుని "తల తిప్పరా నాయనా!" అని అరవడమే నా పని. మా ఐదేళ్ల వాడు ఆ మాట నేర్చుకుని స్కూల్లో కూడా అనేవాడు.

2020లో అతను తొడ కండరం పట్టేసి దాదాపు సగం సీజన్ ఆడలేదు. కొత్త డిఫెన్స్ కోచ్, కోవిడ్ వల్ల వేసవిలో సరైన ప్రాక్టీస్ లేదు. ఆ ఏడాది డాలస్ ఇచ్చుకున్న పాయింట్లు 473. క్లబ్ చరిత్రలోనే అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. నేను ఆ పాపంలో పెద్ద వాటా అతని ఖాతాలో రాసేశాను. పైగా 2021లో శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు జీతాలకి పెట్టగల గరిష్ఠ మొత్తం, 198.2 మిలియన్ల నుంచి 182.5 మిలియన్ డాలర్లకి పడిపోయింది. మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్ ప్రెస్కాట్‌కి నాలుగేళ్లకి 160 మిలియన్లు ఇచ్చారు. అవూజియే మూడేళ్లకి 21.75 మిలియన్లకి సిన్సినాటి వెళ్లిపోయాడు. పీడా పోయిందనుకున్నాను.

మా తోడల్లుడు ఉండేది సిన్సినాటిలోనే, అక్కడి జట్టు బెంగాల్స్‌కి వీరాభిమాని. అదే వారం అతని ఇంట్లో ఏడుపు. 2016 మొదటి రౌండ్ కుర్రాడు, వాళ్ల నమ్మకమైన కార్నర్ విలియం జాక్సన్, ఏడాదికి 13 మిలియన్లకి పైగా వస్తున్నాయని వాషింగ్టన్ వెళ్లిపోయాడు. "మా మంచోణ్ణి పోగొట్టుకుని మీరు వద్దన్నోణ్ణి తెచ్చుకున్నాం అన్నయ్యా" అని ఫోన్. ఓదార్చడానికి నా దగ్గర మాటలు లేవు, నవ్వు మాత్రం వచ్చింది.

తర్వాత జరిగింది చూడండి. ఒక రిసీవర్‌ని నీడలా అంటిపెట్టుకుని ఆడటం జాక్సన్ బలం. వాషింగ్టన్‌లో ఎక్కువగా జోన్ ఆడించారు, అంటే మనిషిని కాదు, చోటుని కాయాలి. అక్కడ అతను తేలిపోయాడు. 2022 నవంబర్‌లో పిట్స్‌బర్గ్‌కి ట్రేడ్ చేస్తే అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. సిన్సినాటిలో అవూజియే మాత్రం నిలదొక్కుకున్నాడు. బెంగాల్స్ డిఫెన్స్ కోచ్ లూ అనరూమో అంతకుముందు ఏళ్ల తరబడి ఈ కార్నర్లకీ, వాళ్ల వెనక కాపలా ఉండే సేఫ్టీలకీ పాఠాలు చెప్పినవాడే. 2021 మార్చిలోనే వాళ్లు తెచ్చుకున్న ట్రే హెండ్రిక్సన్ ఆ సీజన్‌లో 14 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాడు. ముందు నుంచి అంత ఒత్తిడి ఉంటే వెనక కార్నర్ కాపలా కాయాల్సిన సమయం తగ్గిపోతుంది. 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఫైనల్, రెండో సగం మొదట్లోనే అవూజియే ఇంటర్‌సెప్షన్, అంటే ఎదుటివాళ్ల పాస్‌ని తనే పట్టేశాడు. నా ఫోన్ మోగింది. "తల తిప్పాడు, చూశారా అన్నయ్యా!" నిజానికి అది రిసీవర్ చేతుల్లోంచి ఎగిరిపడిన బంతి. ఆ మాట చెప్పినా వినే స్థితిలో లేడు. చివరికి బెంగాల్స్ 23-20తో ఓడిపోయారు, అది వేరే సంగతి.

ఆ వేసవిలో ఉక్రోషం కొద్దీ 2020 డాలస్ మ్యాచ్‌లు మళ్లీ చూశాను, మైదానంలోని 22 మందీ కనిపించేలా పైనుంచి తీసే వీడియోలో. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి చివర్లో రిసీవర్ పక్కన ఎవరు కనిపిస్తే తప్పు వాళ్లదే అనిపిస్తుంది. పైనుంచి చూస్తే కథ వేరు. లోపలి వైపు సాయం రావాల్సిన సేఫ్టీ ఆలస్యంగా కదలడం, క్వార్టర్‌బ్యాక్ తీరిగ్గా నిలబడి చూసుకుని విసరడం, ఇవి నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. అవూజియే సొంత తప్పులు కూడా ఉన్నాయి, కాదనను. కానీ వాటిలో ఎక్కువ భాగం కాళ్లవి కావు, కళ్లవి. రిసీవర్ మొదటి మూడడుగుల్లోనే దాటిపోతుంటే అది వేగం లోపం, పాతికేళ్లు దాటాక కోచ్ కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు. పక్కనే ఉండి బంతిని చూసుకోకపోవడం మాత్రం నేర్పితే కొంతైనా మారుతుంది.

అలాగని డాలస్ మునిగిపోయిందా అంటే అదీ లేదు. 2021లో ఎదుటి జట్ల దగ్గర 34 సార్లు బంతి లాక్కుని లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. కార్నర్ ట్రెవాన్ డిగ్స్ ఒక్కడే 11 ఇంటర్‌సెప్షన్లు. ఆ డిగ్స్ కూడా నిలకడకి పెట్టింది పేరేమీ కాదు, బంతి కోసం దూకి యార్డులు బోలెడు ఇచ్చేవాడు. అయినా ఉంచుకున్నారు, 2023 జూలైలో ఐదేళ్లకి 97 మిలియన్లు రాసిచ్చారు. సెప్టెంబర్‌లో ప్రాక్టీస్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. అవూజియేకీ అంతకుముందు అక్టోబర్‌లో అదే దెబ్బ. ఆటగాడి తప్పు కాదు గానీ, ఈ పొజిషన్‌లో ఐదేళ్ల కాంట్రాక్ట్ అంటే నాకు టెన్షనే.

ఇంకో మాట. పంపేస్తే ఆ చోట ఎవరు? 2021 డ్రాఫ్ట్‌లో డాలస్ కన్ను మంచి కార్నర్ల మీదే ఉంది, కానీ జేసీ హార్న్, పాట్రిక్ సర్టన్ ఇద్దరూ 8, 9 స్థానాల్లోనే వెళ్లిపోయారు. రెండో రౌండ్‌లో తెచ్చిన కెల్విన్ జోసెఫ్ కుదురుకోలేదు, రెండేళ్లకి మయామికి పంపేశారు.

కాబట్టి మీవాడు బాగా దొరికిపోయిన మూడు మ్యాచ్‌లు తీసుకుని పైనుంచి తీసిన వీడియో చూడండి. కాళ్లే అందుకోలేకపోతుంటే ఎంత చవకగా వస్తానన్నా వద్దు. తప్పు కళ్లదో, పక్కవాళ్లదో అయితే, కోచ్ మారకపోతే, రెండేళ్లు ఇవ్వండి, గ్యారంటీ డబ్బు మొదటి ఏడాదికే ఎక్కువ పెట్టండి. ఆటగాణ్ణి ఇంకో ఏడాది పోకుండా ఆపే ఫ్రాంచైజ్ ట్యాగ్ మాత్రం వేయొద్దు. అది ఆ పొజిషన్‌లో అందరికన్నా ఎక్కువ జీతాలు తీసుకునేవాళ్ల లెక్కన కట్టే డబ్బు, మీరు చెప్పిన ఆటకి అది దండగ. కొత్త కోచ్ వస్తుంటే ముందు అతను జోన్ మనిషా, మ్యాన్ (రిసీవర్‌ని అంటిపెట్టుకునే ఆట) మనిషా అన్నది చూసుకోండి. జట్టు పేరు, అతని వయసు కింద రాస్తే ఇంకా సూటిగా చెప్తాను.