మన ఎండకు, మన ఫ్లాటుకు సరిపోయే పెంపుడు జంతువు

ప్రశ్న: తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం. పొద్దున తొమ్మిదికి వెళ్తే తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. ఐదో తరగతి చదివే మా పాప బొచ్చు కుక్కపిల్ల కావాలని ఒకటే పట్టు. షిట్జూ గానీ పొమరేనియన్ గానీ తెద్దామనుకుంటున్నాం. చిన్న జాతులే కాబట్టి ఫ్లాటులో ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: ఇబ్బంది ఉంటుంది. అది కుక్క సైజు వల్ల వచ్చేది కాదు. మే నెల ఎండ, రోజూ తొమ్మిది గంటల ఒంటరితనం, మీరు ముందుగా లెక్క వేసుకోవాల్సినవి ఈ రెండే.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పినప్పుడు నాలుక మీది తడి ఆరి ఒళ్లు చల్లబడుతుంది. షిట్జూ, పగ్‌ల మూతి నొక్కుకుపోయి ఉంటుంది. ముక్కు రంధ్రాలు ఇరుకు, గొంతులో మెత్తటి అంగిలి అవసరానికి మించి పొడుగు. ఎంత రొప్పినా గాలి చాలదు. తిరుపతిలో వేసవి 40 డిగ్రీలు దాటడం మామూలే. పై అంతస్తులో కప్పు వేడి కూడా తోడవుతుంది. మీరు ఆఫీసులో ఉండగా కరెంటు పోతే ఏసీని నమ్ముకున్న కుక్క గతి ఏమిటో ఆలోచించండి. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటిందంటే వడదెబ్బే. చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరుగుతాయి, చొంగ తీగలు సాగుతుంది, నడక తూలుతుంది. అప్పుడు మామూలు కొళాయి నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి.

పొమరేనియన్ మూతి కాస్త నయం గానీ బొచ్చు రెండు పొరలు. వేసవి వచ్చిందని నున్నగా గొరిగించేస్తారు చాలామంది. ఈ జాతిలో అలా గొరిగిన చోట బొచ్చు నెలల తరబడి సరిగా రాకపోవచ్చు. దువ్వి, రాలే లోపలి పొరను తీసేస్తే చాలు.

ఇక ఒంటరితనం. రెండు నెలల కుక్కపిల్ల పగలు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. టీకాల వరుస పూర్తయ్యేసరికి నాలుగు నెలలు నిండుతాయి, అంతవరకు బయట నేల మీద దింపకూడదు. అంటే మీరు లేని తొమ్మిది గంటలూ అది ఏడుస్తుంది, సోఫా కొరుకుతుంది. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే బాల్కనీలో కట్టేస్తారు. ఇలా మొదలైన కుక్కలు చివరికి వీధిలో తేలడం మాకు చాలా బాధ కలిగించే సంగతి. పగలు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటేనే కుక్క గురించి ఆలోచించండి. అప్పుడైనా పొట్టి బొచ్చు నాటు కుక్కకే మా ఓటు.

మీ ఇంటికి మా సలహా పిల్లులు, అదీ రెండు. ఒకే ఈతలో పుట్టిన నాటు పిల్లి కూనలైతే మేలు, పగలు ఒకదానికొకటి తోడుంటాయి. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయొద్దు. ఎనిమిదో వారంలో మొదటి ట్రైక్యాట్ టీకా (మూడు పిల్లి రోగాలకు కలిపి వేసేది), తర్వాత నాలుగు నెలలు నిండేవరకు మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. ఐదారు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండి. ఆలస్యమైతే మగపిల్లి గోడల మీద మూత్రం చిమ్మడం మొదలుపెడుతుంది, ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టం. పర్షియన్ జోలికి పోకండి. దానిదీ నొక్కుడు మూతే, పైగా రోజూ దువ్వకపోతే బొచ్చు ఉండలు కడుతుంది.

కూనలు రాకముందే బాల్కనీ చూసుకోండి. పావురాలకు కట్టే నైలాన్ వలను పిల్లి కొరికేస్తుంది. ఇన్విజిబుల్ గ్రిల్ తీగల మధ్య రెండు అంగుళాల సందుంటే కూన దూరిపోతుంది. అంగుళం గడుల ఇనుప వెల్డెడ్ మెష్ కింది నుంచి పైదాకా బిగించాలి. రెండు పిల్లులకు మూడు లిట్టర్ ట్రేలు (అవి మలమూత్రాలు పోసే మట్టి పళ్లేలు) కావాలి, తిండి గిన్నెకు దూరంగా. బెంటోనైట్ మట్టి రెండు మూడు అంగుళాల మందాన పోసి, తడిసి కట్టిన గడ్డలను రోజుకు రెండుసార్లు తీసేస్తే వాసన రాదు. వాటిని టాయ్‌లెట్‌లో పోసి నీళ్లు కొట్టకండి. ఆ మట్టి తడికి ఉబ్బి పైపును మూసేస్తుంది, కింది ఫ్లాటు వాళ్లతో గొడవ వస్తుంది. ఇంకొక మాట: ఇంట్లో పారాసిటమాల్ మాత్ర నేల మీద పడనివ్వద్దు. పిల్లికి ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి.

ప్రశ్న: మాది చిత్తూరు. ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. పిల్లిని పాలన్నంతో పెంచుకోవచ్చా? కాకపోతే కుందేలు తెచ్చుకోమంటారా? పిల్లలకు ఎనిమిదేళ్లు, పదేళ్లు.

జవాబు: పాలన్నంతో పిల్లి బతకదు. దాని ఒంటికి టారిన్ అనే పదార్థం తప్పనిసరి, అది సహజంగా ముఖ్యంగా మాంసం, చేపల నుంచే అందుతుంది. లేకపోతే కొన్ని నెలల్లో గుండె కండరం బలహీనపడుతుంది, చూపు పోతుంది. మాంసమున్న ప్యాకెట్ తిండిని ఇంట్లోకి రానివ్వలేమంటే పిల్లిని మరిచిపోండి.

కుందేలు గడ్డి తినేదే గానీ పిల్లలు ఎత్తుకుంటే దానికి గిట్టదు. గట్టిగా తన్నుకుంటుంది, ఆ తన్నులో దాని వెన్నెముకే విరిగే ప్రమాదముంది. మీ పిల్లల వయసుకు గినీ పిగ్‌లు (ఎలుకల వర్గానికి చెందిన, తోకలేని చిన్న జంతువులు) నయం. ఒళ్లో తువ్వాలు పరిచి కూర్చుంటే, చేతిలోంచి కొత్తిమీర తింటూ గురగురమంటాయి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకొకటి వెనక కాళ్ల కింద ఉండాలి, పిల్లలు నేల మీదే కూర్చోవాలి. ఒంటరిగా ఒక్కదాన్ని తేవద్దు, బెంగపడుతుంది. రెండూ ఆడవే తీసుకోండి. అమ్మేచోట ఆడా మగా కలిపి ఉంచితే అప్పటికే కడుపుతో ఉండొచ్చు, కొనేముందు డాక్టరుకు చూపించండి.

జంటకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేల కావాలి. అడుగున తీగ జాలీ ఉన్న పంజరం వద్దు, అరికాళ్లు పుండ్లు పడతాయి. తిండిలో ముఖ్యం గడ్డి. పళ్లు ఆగకుండా పెరుగుతుంటాయి కాబట్టి రోజంతా నములుతూ ఉండాలి. ఎండు టిమోతీ గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దానితోపాటు పురుగుమందు తగలని చోటి గరికను కడిగి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి వేయొచ్చు. మన దగ్గర చవగ్గా దొరుకుతుంది కదా అని వేరుశనగ కట్టె వేయకండి. అందులో కాల్షియం ఎక్కువ, మూత్రాశయంలో రాళ్లు కడతాయి. బూజు పట్టినదైతే కాలేయం దెబ్బతింటుంది.

గినీ పిగ్ ఒంట్లో విటమిన్ సి తయారుకాదు. రోజుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు తిండితోనే అందాలి. ఒక్కోదానికి పావు వంతు కాప్సికం పెడితే సరిపోతుంది. నీళ్లలో కలిపే విటమిన్ చుక్కలు గంటల్లో పస తగ్గిపోతాయి, వాటిని నమ్ముకోవద్దు. విటమిన్ తక్కువైతే కీళ్లు వాచి, ముట్టుకుంటే అరుస్తుంది. పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే ప్రాణాపాయమని అర్థం. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందును మాత్రం పొరపాటున కూడా ఇవ్వకండి. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి జంతువు చనిపోతుంది. దగ్గర్లో వీటిని చూసే డాక్టరు లేకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో కనుక్కోండి.

30 డిగ్రీలు దాటితే వీటికి కష్టమే. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పెట్టి, పడుకోవడానికి ఒక కడప బండ ముక్క, గుడ్డలో చుట్టిన ఐసు సీసా ఉంచండి. రోజంతా ఏసీ గానీ చల్లని గది గానీ వీలుకాదంటే వీటినీ తేవద్దు.

ప్రశ్న: నా భార్యకు మూడో నెల. ఇంట్లో రెండేళ్లుగా పిల్లి ఉంది. ఎక్కడైనా వదిలేసి రమ్మని పెద్దవాళ్లు ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: వదలక్కర్లేదు. పెద్దవాళ్ల భయం కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా గురించి. ఈ పరాన్నజీవి గుడ్లు పిల్లి మలంలో వస్తాయి, కానీ అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ ట్రే శుభ్రం చేస్తే ఆ అవకాశం దాదాపు ఉండదు. ఆ పని మీరే చేయండి, ఆవిడతో చేయించవద్దు. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి, బయట వేటకు పోనివ్వకండి. నిజానికి ఇది సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల ద్వారా కూడా వస్తుంది, అక్కడా అంతే జాగ్రత్త కావాలి. పిల్లి గీరినా, కొరికినా 15 నిమిషాలు సబ్బుతో కడిగి, రేబిస్ టీకా కోసం డాక్టరును కలవాలి. గర్భిణులకు ఆ టీకా వల్ల హాని లేదు.

ప్రశ్న: తెలిసినవాళ్లు రామచిలుక ఇస్తామంటున్నారు. నక్షత్ర తాబేలూ ఉందట. ఫ్లాటుకు ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టుకోవడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. నక్షత్ర తాబేళ్లు మన రాయలసీమ తుప్పల్లో తిరిగేవి, అక్కడే ఉండనివ్వాలి. ఎవరైనా అమ్ముతుంటే అటవీ శాఖకు చెప్పండి.

ప్రశ్న: కుక్క ఉన్నవాళ్లు లిఫ్టు వాడకూడదని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తీర్మానం చేసింది. ఇది చెల్లుతుందా?

జవాబు: భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ సభ్యులు ఒప్పుకున్నా సరే పెంపుడు కుక్కలను నిషేధించకూడదు, లిఫ్టు వాడొద్దనకూడదు. ఆ కాపీ ఒకటి, కుక్క టీకా పుస్తకం జెరాక్స్ ఒకటి కార్యదర్శికి ఇవ్వండి. అద్దె ఇల్లయితే యజమానితో చేసుకున్న ఒప్పందంలో ఏం రాసుకున్నారో అది వేరే చూసుకోవాలి. మీ వైపు నుంచి లిఫ్టులో పట్టీని పొట్టిగా పట్టుకోండి. చిన్నపిల్లలు గానీ భయపడేవాళ్లు గానీ లోపలుంటే తర్వాతి లిఫ్టులో వెళ్లండి. మెట్ల దగ్గర, పార్కింగులో మలం పడితే అప్పటికప్పుడు ఎత్తేయండి. ఎక్కువ తగాదాలు వచ్చేది దాని గురించే.