కార్తీక్‌కు, క్యాంపుకి వెళ్లే ముందు

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగిసింది, ఇక ఎదురుగా ఉన్నది ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. మార్చిలో ప్రో డే, అంటే జట్లవాళ్లు కాలేజీకొచ్చి ఆటగాళ్లని పరీక్షించే రోజు. ఏప్రిల్ చివర డ్రాఫ్టు, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకోవడం. ఏడు రౌండ్లలో కలిపి తీసుకునేది రెండు వందల యాభై పైచిలుకు మందిని. అందులో నీ పేరు రాకపోయినా, డ్రాఫ్టు ముగిసిన గంటలోనే జట్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. నీ ఎత్తు, నీ కాలేజీ చూస్తే నీకు ఆ ఫోను దారే ఎక్కువ కనిపిస్తోంది. అందుకే డ్రాఫ్టు కాని లైన్‌బ్యాకర్‌గా, అంటే డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడేవాడిగా, జట్టు శిక్షణ క్యాంపులో అడుగుపెడుతున్నావనుకుని రాస్తున్నాను. మీ అమ్మకి కూడా చదివి వినిపించు, డబ్బు సంగతులు ఆవిడకీ తెలియాలి.

ముందు లెక్క చూడు. క్యాంపు మొదట్లో 90 మంది. ఆగస్టు చివరికి 53. ఆట రోజున దుస్తులు వేసుకునేది ఎక్కువలో ఎక్కువ 48 మంది. ఈ రోజుల్లో చాలా స్నాపులకి (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టేది స్నాప్) మైదానంలో లైన్‌బ్యాకర్లు ఇద్దరే ఉంటారు, మూడోవాడి చోట పాస్‌లని అడ్డుకునే ఐదో డిఫెన్సివ్ బ్యాక్ దిగుతాడు. మరి నాలుగో లైన్‌బ్యాకర్‌కి, ఐదో లైన్‌బ్యాకర్‌కి జీతం ఎందుకిస్తారు? పంట్‌లకీ కిక్‌ఆఫ్‌లకీ. పంట్ అంటే ముందుకి పోలేనప్పుడు బంతిని ఎదుటి జట్టుకి దూరంగా తన్నెయ్యడం, కిక్‌ఆఫ్ అంటే ఆట మొదట్లోనూ పాయింట్లొచ్చాకా తన్నేది, రిటర్న్ అంటే ఆ బంతిని పట్టుకుని తిరిగి పరిగెత్తడం. కాబట్టి నీ ఉద్యోగం నిలబెట్టేది డిఫెన్స్ కోచ్ కంటే ముందు ఈ తన్నే ఆటలు చూసే స్పెషల్ టీమ్స్ కోచ్. ఆయన మీటింగులో మొదటి వరసలో కూర్చో. పంట్, పంట్ రిటర్న్, కిక్‌ఆఫ్, కిక్‌ఆఫ్ రిటర్న్, ఈ నాలుగింటిలో నీ స్థానం ఒక్కటే కాదు, నీకు అటూ ఇటూ ఉన్నవాళ్ల పని కూడా నోటికి రావాలి. ఒకడికి కండరం పట్టేస్తే ఆ చోటికి వెంటనే వెళ్లగలిగినవాణ్ణి జట్టు వదులుకోదు.

లైన్‌బ్యాకర్ లండన్ ఫ్లెచర్ దారి చూడు. మూడో డివిజన్ కాలేజీ, ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, 1998లో ఎవరూ డ్రాఫ్టు చెయ్యలేదు. స్పెషల్ టీమ్స్‌తో మొదలుపెట్టి 16 సీజన్లలో ఒక్క ఆట కూడా తప్పకుండా వరసగా 256 ఆడాడు. మన దేశపు మూలాలున్న బ్రాండన్ చిల్లర్ కూడా నీలాగే లైన్‌బ్యాకర్, రామ్స్, ప్యాకర్స్ జట్లకి ఆడాడు. అతను నాలుగో రౌండులో వెళ్లాడనుకో.

పంట్ దగ్గర కాలేజీ అలవాటు నిన్ను దెబ్బతీస్తుంది. అక్కడ స్నాప్ పడగానే అందరూ ఎదుటి జట్టు వైపు పరిగెత్తవచ్చు. ఇక్కడ పంటర్ బంతిని తన్నేదాకా రెండు చివర్లలో ఉన్న ఇద్దరు తప్ప మిగతావాళ్లు కదిలి వెళ్లకూడదు. స్నాప్ నుంచి తన్నడానికి పట్టేది సుమారు రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ నువ్వు అఫెన్సివ్ లైన్ ఆటగాడివి, ఎదుటివాళ్లని ఆపడమే పని: వెనక్కి రెండు మూడు చిన్న అడుగులు, భుజాలు సమానంగా, చేతులు ముందు, లోపలి సందు ముందు మూసి తర్వాత బయటిది. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. తన్నిన చప్పుడు వినకముందే మనసు ముందుకి పరిగెడుతుంది, నడుము పక్కకి తిరుగుతుంది, ఆ సందులోంచి ఒకడు వచ్చి పంట్‌ని అడ్డుకుంటాడు. ఒక్కసారి అలా జరిగితే ఆగస్టులో ఇంటికి టికెట్టు తీసుకోవాల్సి రావచ్చు. ఈ వెనకడుగు ఇప్పటినుంచే రోజుకి 20 సార్లు చెయ్యి, ఎవరైనా చప్పట్లు కొట్టి సమయం చెబితే ఇంకా మంచిది.

కిక్‌ఆఫ్ 2024లో పూర్తిగా మారిపోయింది. తన్నేవాడు తప్ప మిగతా పదిమందీ ఎదుటి జట్టు 40 యార్డుల గీత మీద నిలబడతారు, అడ్డుకునేవాళ్లలో ఎక్కువమంది అయిదు నుంచి పది యార్డుల దూరంలోనే ఉంటారు. బంతి నేలకో ఆటగాడికో తగిలేదాకా ఈ పదిమందీ, అడ్డుకునేవాళ్లూ కదలకూడదు. బంతి గాల్లోనే ఎండ్ జోన్‌కి (మైదానం చివరి భాగం) వెళ్లి అక్కడే ఆగిపోతే 2025 నుంచి ఎదుటివాళ్లకి బంతిని వాళ్ల 35 యార్డుల గీత దగ్గర ఇస్తున్నారు. అందుకని జట్లు కావాలనే పొట్టిగా తన్నుతున్నాయి, రిటర్నులు పెరిగాయి. 60 యార్డులు దూసుకెళ్లే వేగం కంటే దగ్గర్లో ఉన్న బ్లాకర్‌ని చేతులతో విదిలించుకోవడం ఇప్పుడు ముఖ్యం. మీ లైన్‌బ్యాకర్లకి కలిసొచ్చిన మార్పు ఇది. రెండు అరచేతులూ ఎదుటివాడి ఛాతీ మీద, బొటనవేళ్లు పైకి, మోచేతులు చాచి వాణ్ణి దూరంగా ఉంచు, బంతి ఏ వైపు పోతుందో కనిపించాకే విదిలించు. ముందే ఒక పక్కకి దూకితే నీ దారి ఖాళీ అవుతుంది, రిటర్నర్ వెతికేది అదే.

డిఫెన్స్‌లో మూడు తేడాలు మెదడుకెక్కించుకో. ప్రతి ఆటా హాష్ గీతల మీదో వాటి మధ్యనో మొదలవుతుంది. వాటి మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఇక్కడ 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఎప్పుడూ దాదాపు మైదానం మధ్యలోనే ఉంటుంది కాబట్టి మైదానపు వెడల్పు వైపు చూసి పిలుపులివ్వడం మానేసి ఎదుటి జట్టు నిలబడిన తీరుని చూసి ఇవ్వాలి. రెండోది, కాలేజీలో మోకాలు నేలకి తగిలితే ఆట ఆగిపోతుంది. ఇక్కడ జారిపడ్డవాణ్ణి నువ్వు తాకేదాకా ఆట నడుస్తూనే ఉంటుంది, లేచి పరిగెత్తవచ్చు. పడ్డవాడి మీద చెయ్యి వెయ్యకుండా వెనక్కి తిరగకు. మూడోది, పాస్ అందుకునేవాణ్ణి తప్పుగా అడ్డుకుంటే పడే పాస్ ఇంటర్‌ఫియరెన్స్ పెనాల్టీ. అక్కడ 15 యార్డులు దాటదు, ఇక్కడ తప్పు జరిగిన చోటికే బంతి వెళ్తుంది, అది 40 యార్డులైనా సరే.

స్నాప్ పడగానే నీ కళ్లు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద కాదు, ఎదుటి లైనులోని గార్డు మీద ఉండాలి. గార్డు నిటారుగా లేచి వెనక్కి జరిగితే పాస్. తల తగ్గించి ముందుకొస్తే రన్. లైను వదిలి పక్కకి పరిగెత్తితే వాడి వెంట వెళ్లు, బంతి సాధారణంగా అటే పోతుంది. మొదటి అడుగు ఆరు అంగుళాలు చాలు. పెద్ద అడుగు వేస్తే ప్లే యాక్షన్‌కి, అంటే రన్ నటించి పాస్ విసిరే మోసానికి, దొరికిపోతావు, వెనక్కి తిరిగేసరికి పాస్ అందుకునే టైట్ ఎండ్ నీ తల వెనక ఉంటాడు.

బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టే టాకిల్ గురించి ఎంత రాసినా తక్కువే. చివరి మూడు యార్డుల్లో అడుగులు చిన్నవి చెయ్యి, ఆపకు. చూపు బంతి పట్టుకున్నవాడి దగ్గరి తుంటి మీద ఉండాలి, తల ఊపితే మోసపోవచ్చు గాని తుంటి మోసం చెయ్యదు. ఏ భుజంతో తగులుతావో ఆ పక్క కాలే ముందుండాలి. తల వాడి ముందుకి అడ్డం పెట్టొద్దు, వెనక పక్కకి ఉంచు. రెండు చేతులూ చుట్టి బిగించి, అయిదడుగులు కాళ్లు ఆడిస్తూ నెట్టు. కాళ్లు ఆగిపోతే చేతులు జారతాయి. జారుతున్న టాకిల్‌లో తుంటిని గాల్లోకి తిప్పి వాడి కాళ్ల మీద బరువు పడేసే పద్ధతిని 2024లో నిషేధించారు, 15 యార్డుల పెనాల్టీ, పైగా వాడి చీలమండ విరగవచ్చు. తల దించి హెల్మెట్‌తో గుద్దడం 2018 నుంచి తప్పు.

తల సంగతి ఇంకొంచెం చెప్పాలి. జూనియర్ సేయావ్ 20 సీజన్లు ఆడిన లైన్‌బ్యాకర్. 2012లో ప్రాణం తీసుకున్నాడు, తర్వాత పరీక్షలో ఆయన మెదడులో సీటీఈ (పదేపదే తల దెబ్బలతో వచ్చే మెదడు జబ్బు) ఉన్నట్టు తేలింది. దెబ్బ తగిలి కళ్ల ముందు మెరుపులొచ్చినా, తర్వాతి పిలుపు గుర్తురాకపోయినా, ఆ క్షణమే చెప్పు. మళ్లీ మైదానంలోకి రావడానికి అయిదు మెట్లున్నాయి, చివర జట్టుతో సంబంధం లేని న్యూరాలజిస్టు కూడా ఒప్పుకోవాలి. స్థానం పోతుందని దాచకు నాన్నా. దాచినవాడు రెండో దెబ్బకి పోగొట్టుకునేది స్థానం కంటే పెద్దది.

క్యాంపులో కుర్రాళ్లని ఎక్కువగా ఇంటికి పంపేది తొడ వెనక కండరం. ప్రో డే అయ్యాక చాలామంది వెయిట్లు ఎత్తుతూ పూర్తివేగపు పరుగు మానేస్తారు, జూలై ఎండలో ఒక్కసారిగా పరిగెత్తి చిరగ్గొట్టుకుంటారు. వారానికి రెండుసార్లు పూర్తివేగంతో 30, 40 యార్డుల పరుగులు ఆపకుండా ఉంచు. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా బరువు చూసుకో. తగ్గిన ప్రతి పౌనుకీ 600 నుంచి 700 మిల్లీలీటర్ల ద్రవం లోపలికి పోవాలి, వట్టి నీళ్లు కాదు, ఉప్పు కూడా. ఉప్పేసిన మజ్జిగ హాయిగా తాగొచ్చు. కాని ఇంటినుంచి వచ్చే లేహ్యాలూ చూర్ణాలూ ముట్టుకోకు. వాటిలో ఏముందో డబ్బా మీద ఉండకపోవచ్చు, పరీక్షలో నిషిద్ధ పదార్థం దొరికితే బాధ్యత నీదే, తెలియదంటే చెల్లదు. పౌడరైనా మాత్రయినా ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ ముద్ర ఉన్నదే వాడు.

ఇక డబ్బు. డ్రాఫ్టు కానివాడికి మూడేళ్ల ఒప్పందం. 2025లో కొత్తవాడి కనీస జీతం 8,40,000 డాలర్లు, కాని అది 18 వారాలకి పంచి లెక్కగడతారు, 53లో ఉన్న వారానికే. తీసేస్తే మరుసటి వారం నుంచి సున్నా. 53లో లేకుండా జట్టుతో సాధన చేసే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో అదే ఏడాది వారానికి 13,000 డాలర్లు. కాబట్టి ఏడాది జీతం లెక్కేసి కారు కొనకు. ఒప్పందంలో గాయాల జాబితాలోకి వెళ్తే జీతం తగ్గే షరతుందేమో ఏజెంటుని అడుగు. ఏజెంటు వాటా 3 శాతం మించకూడదు. ఏ రాష్ట్రంలో ఆడితే ఆ రాష్ట్రపు పన్ను ఆ రోజులకి పడుతుంది, టెక్సస్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. జట్టు ఎంపికలో రెండు ఆఫర్లు వస్తే బోనసు చూసి కాదు, అక్కడ ఎందరు లైన్‌బ్యాకర్లున్నారో, వాళ్ల ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తాయో చూసి తేల్చుకో.

నిన్ను తీసేసే రోజున ఒక కాగితం మీద సంతకం అడుగుతారు, ఒళ్లు బాగానే ఉందని. మోకాలో భుజమో నొప్పిగా ఉంటే అది రాయించకుండా సంతకం పెట్టకు. ప్రతి చిన్న గాయాన్నీ ఆ రోజే ట్రైనర్‌తో రికార్డు చేయించు. జట్టు ఖర్చుతో బయటి డాక్టరుకి చూపించుకునే హక్కు నీకుంది. తీసేశాక 24 గంటల్లో మిగతా 31 జట్లలో ఏదైనా నిన్ను తీసుకోవచ్చు, ఫోను చార్జింగులో ఉంచుకో, పాస్‌పోర్టూ బూట్లూ ఒకే సంచిలో ఉండాలి.

ఈ వారంలో చెయ్యాల్సిన పని: నీ వీడియోని మళ్లీ కత్తిరించు. ఇప్పుడు మొదట్లో శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టిన ఆటలు) పెట్టావు. వాటిని వెనక్కి జరిపి, పంట్ కవరేజ్, కిక్‌ఆఫ్ ఆటలు ఓ పన్నెండు ముందు పెట్టు, ప్రతిదాంట్లోనూ నీ జెర్సీ నంబరు స్నాప్‌కి ముందే కనపడాలి. ఆదివారంలోగా నాకు పంపు, ఏజెంటుకి వెళ్లేముందు చూస్తాను.

మీ మామయ్య