ఊళ్లో మూడు చావులు... నీళ్లదేనా తప్పు?

ప్రశ్న: మా ఊరి జనాభా 4,000. రెండేళ్లలో ముగ్గురు క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్‌తో పోయారు. ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా? – ఓ పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఫ్లోరైడ్ దెబ్బ ఎముకలకు, పళ్లకు. క్లోమ క్యాన్సర్‌కు అది కారణమని రుజువు కాలేదు. 4,000 మందిలో ఒక ఏడాది ఒక్కరు పోయినా లెక్క లక్ష మందికి 25 అవుతుంది, మరుసటేడు ఎవరూ పోకపోతే సున్నా! కనీసం ఐదేళ్ల మరణాలు కలిపి, వయసుల తేడా సరిచేసి మిగతా ప్రాంతాలతో పోల్చాలి. పడుచువాళ్లు వలసపోయి ముసలివాళ్లే మిగిలిన ఊళ్లో రేటు ఎలాగూ ఎక్కువే కనిపిస్తుంది. ఇంకో తిరకాసు, పట్నం ఆసుపత్రిలో పోతే మరణం అక్కడే నమోదవుతుంది, ఊరి లెక్కలో కనిపించకపోవచ్చు.

రుజువైన ముప్పుల్లో ముఖ్యమైనవి మాత్రం బీడీ, సిగరెట్లు. నొప్పిలేని కామెర్లు, సున్నంలా పాలిపోయిన మలం, 50 దాటాక కొత్తగా షుగర్ వచ్చి బరువు తగ్గడం... ఇవి కనిపిస్తే పసరు మందుతో వారాలు పోగొట్టకండి. వెంటనే డాక్టర్‌కు చూపించి సీటీ స్కాన్ గురించి అడగండి.