స్కానింగ్ గదిలో చేరబోతున్న మేనకోడలికి

జయనగర్, బెంగళూరు

అమ్మా శైలూ,

ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. స్కిజోఫ్రీనియా, అదే లేని గొంతులు వినపడే, లేనిపోని అనుమానాలు వచ్చే మానసిక జబ్బు, దాని మీద మెదడు స్కానింగ్ ప్రాజెక్టట. ఎం.ఆర్.ఐ. గదిలో ఇరవై రెండేళ్లు చేసి రిటైరైనదాన్ని కదా, నాలుగు ముక్కలు రాయమన్నాడు. కంప్యూటర్ ముందు పని నాకంటే నీకే బాగా తెలుసు. మనిషిని మెషిన్‌లోకి పంపేదాకా జరిగే పని గురించే రాస్తాను.

ముందు పిన్నీసులు. నవ్వకు. అనంతపురం, మదనపల్లె నుంచి రాత్రి బస్సెక్కి వచ్చే మన ఆడవాళ్లకి గాజులకో తాళిగొలుసుకో రెండు పిన్నీసులైనా వేలాడుతుంటాయి. "మెటల్ ఏమైనా ఉందా?" అంటే లేదంటారు. అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో పిన్నీసు మెటల్ కాదు. అందుకని ఒక్కోదాన్నీ పేరు పెట్టి అడుగు. ఎం.ఆర్.ఐ. మెషిన్ అంటే పెద్ద అయస్కాంతమే, స్కాన్ నడవకపోయినా అది ఎప్పుడూ పనిచేస్తూ ఇనుప వస్తువుల్ని లాగుతూనే ఉంటుంది. తాయెత్తు తీయమంటే కొందరు వణికిపోతారు. నువ్వు కత్తెర పట్టుకోకు. వాళ్లమ్మ చేతనే విప్పించి ఆవిడ కొంగున ముడి వేయించు, స్కాన్ కాగానే మళ్లీ కట్టుకోనీ.

ఒకసారి నేను చేసిన తప్పు చెప్తాను. టైమ్ దాటిపోతోందని ఒక కుర్రాణ్ణి గబగబా పడుకోబెట్టేశాను. మెషిన్ చేసే చప్పుడు ముందుగా వినిపించలేదు. అసలే ఎవరో పిలుస్తున్నట్టు వినపడే పిల్లాడు, ఆ టకటకలో తన పేరు వినిపించిందట. నాలుగో నిమిషానికే తల అటూ ఇటూ తిప్పేశాడు. బొమ్మ చూస్తే చెరువులో రాయి పడ్డట్టు అలలు. అది పారేశాం, పోనీలే. అసలు ప్రమాదం కంటికి కనపడని చిన్న కదలికతోనే. తల కొంచెం కదిలినా గ్రే మ్యాటర్, అదే మెదడులో నాడీకణాలు ఎక్కువగా ఉండే బూడిదరంగు భాగం, ఉన్నదానికంటే తక్కువగా కొలతకొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకంటే రోగులే ఎక్కువ కదులుతారు. అంటే నువ్వు జబ్బు గుర్తు అని రాసుకున్నది వాళ్ల భయమే కావచ్చు!

కాబట్టి అరగంట ముందే రమ్మను. చప్పుడు రికార్డు వినిపించు. మనల్ని పిలవడానికి నొక్కే రబ్బరు బల్బు చేతిలో పెట్టి ఒకసారి నొక్కించు, నొక్కగానే పరిగెత్తుకెళ్లి కనపడు. వద్దంటే ఆపేస్తారన్న నమ్మకం అప్పుడే వస్తుంది. పరిశోధనకి ఒప్పుకుని సంతకం పెట్టాక కూడా వద్దనొచ్చు, దానివల్ల వైద్యం ఆగదు. ఈ మాట తెలుగులో, తండ్రికి కాదు, ఆ పిల్లాడికే చెప్పు.

బయటికి రాగానే తల్లి అడుగుతుంది, "స్కాన్‌లో జబ్బు కనపడిందా అమ్మా?" అని. అక్కడ జాగ్రత్త. 1976లో లండన్‌లో ఈవ్ జాన్‌స్టన్ బృందం 17 మంది స్కిజోఫ్రీనియా రోగులకి సి.టి., అంటే ఎక్స్‌రేలతో తీసే స్కాన్, తీసి, మెదడు లోపల నీరుండే గదులు, అవే వెంట్రికల్స్, పెద్దవయ్యాయని చూపించింది. 2016లో చాలా దేశాల వాళ్లు కలిసి రెండు వేలకు పైగా రోగుల స్కాన్లు పోల్చినా అదే కనపడింది, జ్ఞాపకాలకి పనికొచ్చే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం కూడా కాస్త చిన్నదని తేలింది. కానీ ఇవన్నీ గుంపుల సగటులు. ఒక్క కుర్రాడి బొమ్మ పట్టుకుని జబ్బు ఉందో లేదో చెప్పడం ఇప్పటికీ కుదరదు. మాట్లాడి, గమనించి డాక్టరు నిర్ణయించేదే. మామూలుగా స్కాన్ రాసినా గడ్డలాంటిదేమైనా ఉందేమో చూడ్డానికే. "ఇది పరిశోధన కోసం తీశామమ్మా, మందులు మాత్రం ఆపకండి" అను, చాలు. నీకేదైనా తేడాగా కనిపిస్తే స్కాన్ బొమ్మలు చదివే డాక్టరు, రేడియాలజిస్టుకి చెప్పు, ఆ తల్లికి కాదు. ఊరికెళ్లాక ఇబ్బందైతే ఫోన్ చెయ్యమని, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసివ్వు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. ఆ గదిలో ఏసీ చలి ఎక్కువ. నీకు జిప్ లేని స్వెటర్ కొనుక్కో. రోగులకి రెండు దుప్పట్లు తీసి పెట్టు, చలికి వణికినా తల కదులుతుంది. ఆదివారం భోజనానికి రా, గోంగూర పప్పు చేస్తాను.

నీ రాజేశ్వరత్త